ప్లాస్టిక్ పరిశ్రమ పెరుగుదల - అందులో రైతు వంతు

రైతు పనిముట్లలో ఒకప్పుడు కొయ్య, ఇనుము, తోలు, నార, మట్టి అను ఐదు పదార్థములే ప్రధానముగా నుండెడివి. మోటకు తోలు బొక్కెన, కట్టుటకు నారతాడు, ధాన్యమునకు గోనెసంచి, నీటికి మట్టికుండ. నేడు ఏ పల్లెకు పోయినను ఆ చోట్లలో చాలవరకు ప్లాస్టిక్ చేరియున్నది. బోరు నుండి మడి వరకు పైపు, మొక్క మొదట డ్రిప్పు గొట్టము, మిరపతోటలో మల్చింగు షీటు, నారు పెంచు ట్రేలు, మందు చల్లు డబ్బా, ఎరువు బస్తా, ధాన్యము ఆరబోయుటకు టార్పాలిను, కూరగాయలను మార్కెట్టుకు చేర్చు క్రేట్లు - ఇవన్నియు ప్లాస్టిక్ వస్తువులే.

ఇన్ని వస్తువులను రైతు కొనుచున్నాడనగా, ఈ పరిశ్రమ పెరుగుటకు రైతు సొమ్ము ఒక పెద్ద ఆధారమని స్పష్టమగుచున్నది. అయితే పరిశ్రమ పెరిగినంత మాత్రమున రైతుకు లాభము దానంతట అది రాదు. కొను సరుకు ఎట్టిదో, ధర ఏల మారునో, పాతబడిన సరుకును ఏమి చేయవలెనో తెలిసిన రైతుకే ఆ లాభములో వంతు దక్కును. ఈ విషయములను తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పరిశ్రమ పుట్టుక

బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ అను శాస్త్రజ్ఞుడు 1907లో బేకలైట్‌ను కనుగొనెను. విద్యుత్ స్విచ్చులు, రేడియో పెట్టెలు చాలకాలము దీనితోనే తయారైనవి. 1933లో ఇంగ్లండులో పాలిథీన్ కనుగొనబడినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ పదార్థములు యుద్ధపు పనుల నుండి ఇంటిపనులలోనికి, పొలము పనులలోనికి వచ్చినవి. 1950లో ప్రపంచమంతట తయారైన ప్లాస్టిక్ సుమారు 20 లక్షల టన్నులు. ఇప్పుడు ఏటేట 40 కోట్ల టన్నులకు మించి తయారగుచున్నది.

మన దేశమున 1957లో పాలిస్టైరిన్‌తో ఈ పరిశ్రమకు గట్టి పునాది పడినది. 1959లో పలుచని సంచులకు, షీట్లకు పనికివచ్చు పాలిథీన్, 1961లో పైపులకు వాడు పి.వి.సి., 1968లో గట్టి రకపు పాలిథీన్, 1978లో బస్తాలకు వాడు పాలిప్రొపిలీన్ వరుసగా తయారు కాజొచ్చినవి. 2014-15 నాటి లెక్కల ప్రకారము మన దేశమున ఒక్కొక్కరు ఏడాదికి సగటున 11 కిలోల ప్లాస్టిక్ వాడుచుండగా, ప్రపంచపు సగటు 28 కిలోలు, అమెరికా సగటు 109 కిలోలుగా నుండెను. అనగా మన దేశమున ఈ పరిశ్రమ ఇంకను పెరుగుటకు చాల అవకాశమున్నదని వ్యాపారస్థుల ఆలోచన.

సికింద్రాబాదు పాత్ర

సికింద్రాబాదు 1806లో దండు నివాసముగా వెలసినది. 1874లో వాడి నుండి రైలుమార్గము వచ్చుటతో పెద్ద వ్యాపార కేంద్రమైనది. ఆ వ్యాపారములో రైతుకు మిక్కిలి పరిచయమైన చోటు రాణీగంజ్. మోటార్లు, పంపులు, పైపులు, వాల్వులు, బేరింగులు అమ్ము దుకాణములు అక్కడ వరుసగా నుండును. బోరు వేసిన రైతు తన ఊరి దుకాణములో పైపు కొన్నను, ధర విచారించుటకు రాణీగంజ్ మాటయే చెప్పుకొనును.

ఊరి చుట్టును కర్మాగారములు లేచినవి. సనత్‌నగర్‌లో 1946లో ఆస్బెస్టాస్ సిమెంటు కర్మాగారము స్థాపితమైనది. సనత్‌నగర్‌లోనే బేకలైట్ హైలాం వారు కాగితపు, గుడ్డ పొరలకు రెసిన్ పట్టించి, వేడిలో నొక్కి గట్టి షీట్లు తయారుచేసిరి. ఈ ప్రాంతమున ప్లాస్టిక్ పనికి ఇది తొలి మెట్లలో ఒకటి. పిదప బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడలలో అచ్చులు పోయువారు, పైపులు తీయువారు, పాత ప్లాస్టిక్‌ను కరిగించువారు పనులు ప్రారంభించిరి.

పైపుల తయారీ జిల్లాలకు కూడ వ్యాపించినది. సూర్యాపేటలో సుధాకర్ వారి పైపుల కర్మాగారము వెలసినది. భాభా అణు పరిశోధన కేంద్రములో ఉద్యోగము విడిచివచ్చిన శ్రీ ఎస్.పి.వై. రెడ్డి నంద్యాలలో మొదట ప్లాస్టిక్ డబ్బాల తయారీ చేపట్టి, 1984లో నంది పేరుతో పి.వి.సి. పైపుల తయారీ ప్రారంభించిరి. ఈ పేర్లు పరిశ్రమ చరిత్ర తెలుపుటకే గాని, ఫలానివారి సరుకే కొనుడని సిఫార్సు చేయుటకు కాదు. రైతులున్న చోటికే కర్మాగారము నడచివచ్చినదను సంగతి ఇందు గమనించదగినది.

గిరాకి ఎట్లు పెరిగెను?

ఇనుప పైపు బరువు, త్రుప్పు పట్టును. ఆస్బెస్టాస్ సిమెంటు పైపు దెబ్బ తగిలిన పగులును. పి.వి.సి. పైపును ఒక మనిషి భుజమున వేసికొని గట్టు వెంట పోగలడు. అతుకుట సులభము, త్రుప్పు లేదు, లోపలి గోడ నునుపు కనుక నీరు సాఫీగా పారును. బోరుబావులు పెరిగినకొలది ఈ పైపుకు గిరాకి పెరిగినది.

ప్రభుత్వ పథకములు ఈ గిరాకిని మరింత హెచ్చించినవి. 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మసేద్య పథకము ప్రారంభమై, డ్రిప్పు, స్ప్రింక్లర్ పరికరములకు పెద్ద ఎత్తున రాయితీ లభించినది. నల్లగొండ బత్తాయి తోటలలో, అనంతపురము మెట్ట పొలములలో నల్లని గొట్టములు బారులు తీరినవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో ఇరువదినాలుగు గంటల ఉచిత సరఫరా ప్రారంభమైనది. 2016లో మిషన్ భగీరథ, 2019లో కేంద్ర ప్రభుత్వపు జల్ జీవన్ మిషన్ త్రాగునీటి పైపులను పల్లెపల్లెకు చేర్చినవి. దేశమున వాడు పి.వి.సి.లో మూడింట రెండు వంతులకు పైగా పైపులకే పోవుచున్నదనిన, ఈ పరిశ్రమకు పొలము, పల్లె ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును.

ఒకరి పెరుగుదల మరొకరికి తరుగుదల కావచ్చునను సంగతిని కూడ మరువరాదు. ఎరువులు, సిమెంటు గోనెసంచులను వీడి ప్లాస్టిక్ బస్తాలకు మారుటతో నారకు గిరాకి తగ్గెను. ధాన్యము, చక్కెర వంటివాటిని జూట్ సంచులలోనే నింపవలెనని 1987లో కేంద్ర ప్రభుత్వము చట్టము చేసినను, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల గోగునార రైతులు, నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల కార్మికులు నష్టపడుటకు ఈ మార్పు ఒక కారణమైనది.

పైపు తయారగు విధము

పి.వి.సి. అనగా కేవలము పెట్రోలియము అని పలువురు తలచెదరు. నిజమునకు అందులో నూటికి 57 వంతులు క్లోరిన్. అది ఉప్పు నుండి వచ్చును. మిగిలిన 43 వంతులు పెట్రోలియము లేక సహజవాయువు నుండి తీయు పదార్థము. ఈ రెండును కలియగా తెల్లని పొడి తయారగును. దీనినే వ్యాపారములో రెసిన్ అందురు. పాలిథీన్ మాత్రము గుళికల రూపమున వచ్చును. దానిని దానా అని పిలుతురు.

కర్మాగారములో ఈ పొడికి, వేడికి చెడకుండ కాపాడు మందును, కొంచెము మైనమును, రంగును, సున్నపురాతి పొడిని కలిపి యంత్రములో పోయుదురు. లోపల మరలు తిరుగుచుండగా పొడి వేడికి ముద్దయై, జంతికల గొట్టము నుండి పిండి వచ్చినట్లు, గుండ్రని అచ్చు గుండ వెలికి వచ్చును. దానిని నీటితో చల్లార్చి, కావలసిన పొడవునకు కోయుదురు.

ఇందులో సున్నపురాతి పొడిని గమనింపవలెను. అది మితముగా నుండుట తప్పు కాదు. కాని రెసిన్ ఖరీదైనది, సున్నపురాయి చౌక. లోభించిన తయారీదారుడు రాతిపొడి వంతును పెంచును. అట్టి పైపు బరువుగనే తోచును. కాని పెళుసుగా నుండి, ఎండకు, దెబ్బకు, నీటి ఒత్తిడికి పగులును. బరువు చూచి పైపును మెచ్చుకొను రైతు ఇక్కడనే మోసపోవుచున్నాడు.

ధర ఏల మారును?

తెలంగాణలో పి.వి.సి. రెసిన్ తయారీ లేదు. గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు కర్మాగారముల నుండి, ఓడల ద్వారా విదేశముల నుండి రావలసినదే. దేశమున వాడు రెసిన్‌లో సగము కంటె ఎక్కువ దిగుమతి అగుచున్నది. కావున ముడిచమురు ధర, ఓడల కిరాయి, రూపాయి విలువ - వీటిలో ఏది కదలినను రాణీగంజ్‌లో పైపు ధర కదలును. 2021లో రెసిన్ ధర మిక్కిలి పెరిగి, 2022లో బాగుగ తగ్గినది. ఆ ఏడాది వేసవిలో బోరు వేసిన రైతుకు, మరుసటి సంవత్సరము వేసిన రైతుకు పైపు ఖర్చులో ఎంతో భేదము వచ్చినది.

రైతు ఈ ధరలను మార్చజాలడు. కాని పది మంది కలిసి, లేక రైతు ఉత్పత్తిదారుల సంఘము ద్వారా, ఒకేసారి కొనినచో బేరము కుదురును, రవాణా ఖర్చు కలిసివచ్చును. 2025 సెప్టెంబరు 22 నుండి డ్రిప్పు, స్ప్రింక్లర్ పరికరములపై జి.ఎస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. బిల్లులో ఆ తగ్గింపు కనబడుచున్నదో లేదో చూచుకొనవలెను. రాయితీ ఎంత, ఎవరికి అను విషయములు సంవత్సరమును బట్టి మారుచుండును కనుక, కొనుటకు ముందే ఉద్యానశాఖ కార్యాలయమున విచారింపవలెను.

"నాలుగు కేజీల పైపు" అనగానేమి?

దుకాణములో "నాలుగు కేజీల పైపు", "ఆరు కేజీల పైపు" అను మాట వినబడును. ఇది పైపు బరువు కాదు. చదరపు సెంటీమీటరునకు ఎన్ని కిలోల నీటి ఒత్తిడిని ఆ పైపు తట్టుకొనగలదో తెలుపు లెక్క. నీటి సరఫరా పి.వి.సి. పైపులకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 4985. దాని ప్రకారము సాధారణముగా దొరకు తరగతులివి:

1వ తరగతి - 2.5 కిలోలు
2వ తరగతి - 4 కిలోలు
3వ తరగతి - 6 కిలోలు
4వ తరగతి - 8 కిలోలు
5వ తరగతి - 10 కిలోలు
6వ తరగతి - 12.5 కిలోలు

ఒక కిలో ఒత్తిడి అనగా సుమారు 10 మీటర్ల ఎత్తు నీరు. ఉదాహరణకు, మీ పొలము మోటారు కంటె 15 మీటర్ల ఎత్తున నున్నదనుకొనుడు. దూరము వలన, వంపుల వలన రాపిడికి మరి 10 మీటర్లు కలుపుడు. మొత్తము 25 మీటర్లు, అనగా 2.5 కిలోలు. 1వ తరగతి పైపు దీనికి సరిగా అంచున నిలుచును. కరెంటు పోయి మోటారు ఒక్కసారిగా ఆగినపుడు నీరు వెనుకకు కొట్టు దెబ్బను అది తట్టుకొనలేదు. అట్టి చోట 2వ తరగతి వేయుట క్షేమము. చదునైన పొలమునకు 6 కిలోల పైపు కొని ఎక్కువ ఖర్చు పెట్టుటయు అనవసరమే.

పైపు కొలత వెలుపలి వ్యాసమునకు సంబంధించినది. రైతులు రెండంగుళములదని పిలుచునది 63 మిల్లీమీటర్లు, రెండున్నర అంగుళములది 75, మూడంగుళములది 90, నాలుగంగుళములది 110 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు దుకాణముల ధరలను పోల్చునపుడు, ఒకే కొలత, ఒకే తరగతి గల పైపులను మీటరు చొప్పున పోల్చవలెను. తరగతి చెప్పకుండ "చౌక" అని చెప్పిన ధరకు అర్థము లేదు.

కొనునపుడు గమనింపవలసినవి

1. పైపుపై తయారీదారు పేరు, కొలత, తరగతి, ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని వద్ద సి.ఎం./ఎల్. అను అక్షరములతో లైసెన్సు సంఖ్య ముద్రించి యుండవలెను. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను మొబైల్ యాప్‌లో చూచి, లైసెన్సు నిజమైనదో కాదో తెలిసికొనవచ్చును. గుర్తును దొంగగా ముద్రించువారు కలరు కనుక ఈ పరీక్ష ముఖ్యము.

2. ఏ పనికి ఆ పైపు కొనవలెను. బోరు కేసింగునకు ఐ.ఎస్. 12818, డ్రిప్పు లాటరల్ గొట్టమునకు ఐ.ఎస్. 12786 ప్రమాణములు. బోరులో మోటారు బరువును మోయు కాలం పైపునకు బదులు పొలములో పరచు పైపును దించరాదు. తెగినచో మోటారు కూడ పోవును.

3. నల్లని గొట్టము ముక్కను నీటిలో వేయుడు. స్వచ్ఛమైన పాలిథీన్ తేలును. మునిగినచో అందు రాతిపొడి వంటివి హెచ్చుగ కలిసినవని అనుమానింపవలెను. పి.వి.సి. సహజముగనే మునుగును కనుక ఈ పరీక్ష దానికి పనికిరాదు.

4. పక్కా బిల్లు తీసికొనవలెను. అందు కంపెనీ పేరు, కొలత, తరగతి వ్రాయించవలెను.

బిల్లు ఎందుకని ఉపేక్షింపరాదు. 2012లో సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనముల వ్యాజ్యములో, రైతు కూడ వినియోగదారుడే అని తీర్పు చెప్పినది. నాసి సరుకు వలన నష్టపోయిన రైతు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. సరుకు ఖరీదు 5 లక్షల రూపాయల లోపు అయినచో రుసుము లేదు. కాని బిల్లు లేనివాని మాట అక్కడ నిలుచుట కష్టము. అప్పు చేసి బోరు వేసి, పైపు పగిలి, పైరు ఎండినపుడు చేతిలో మిగులు ఆధారము ఆ చిన్న కాగితమే.

పరచుట, కాపాడుట

పి.వి.సి. పైపునకు ఎండ శత్రువు. కొనితెచ్చిన పైపులను నీడన, సమతలమున పేర్చవలెను. కాలువ త్రవ్వి, నాగలి, ట్రాక్టరు తగలని లోతున, సుమారు మూడు అడుగుల క్రింద పూడ్చవలెను. అడుగున రాళ్లు లేకుండ మెత్తని మట్టి పరచవలెను. అతుకు చోట మట్టి, తేమ తుడిచి జిగురు పూసి, ఒక దినము ఆరనిచ్చిన తరువాతనే నీరు వదలవలెను. మిట్టలలో గాలి వాల్వు పెట్టినచో పైపు పగులు ప్రమాదము తగ్గును.

డ్రిప్పు గొట్టము నల్లగా నుండుటకు కారణము అందు కలిపిన కార్బన్ నలుపు. అది నూటికి రెండు, మూడు వంతులుండి ఎండ నుండి గొట్టమును కాపాడును. మంచి గొట్టమైనను వడపోత శుభ్రము చేయక, చివరి మూతలు విప్పి కడుగక వదలినచో రంధ్రములు పూడును. అపుడు నేరము గొట్టముది కాదు.

పాత ప్లాస్టిక్ - చెత్త కాదు, సరుకు

పాతబడిన గొట్టములను, మల్చింగు షీట్లను గట్టున వేసి తగులబెట్టు అలవాటు పల్లెలలో నున్నది. ఇది రెండు విధముల నష్టము. పి.వి.సి. కాలినపుడు ఘాటైన ఆమ్లపు పొగ, డయాక్సిన్ల వంటి విషములు వెలువడును. దగ్గర నున్న పిల్లలు, పశువులు వాటిని పీల్చుదురు. రెండవది, అమ్ముకొనదగిన సరుకు బూడిద యగును.

పాత ప్లాస్టిక్‌ను కరిగించి మరల దానా చేయు కర్మాగారములు కాటేదాన్ వంటి చోట్ల కలవు. వారికి రకము వారీగా వేరుచేసిన సరుకు కావలెను. పాలిథీన్‌లో పి.వి.సి. ముక్కలు కలిసినచో కరిగించునపుడు మొత్తము చెడిపోవును. కనుక నల్లని గొట్టములు ఒక కుప్ప, పి.వి.సి. పైపు ముక్కలు ఒక కుప్ప, బస్తాలు ఒక కుప్పగా పెట్టి, మట్టి దులిపి అమ్మినచో ధర ఎక్కువ పలుకును. మల్చింగు షీటును పంట తీసిన వెంటనే, దున్నుటకు ముందే, చినుగకుండ చుట్టవలెను. నేలలో కలిసిన ముక్కలు ఏండ్ల తరబడి అట్లే యుండి, వేళ్లకు, నీటికి అడ్డుపడును. పురుగుమందు డబ్బాలను మాత్రము ఇంట ఏ పనికిని వాడరాదు. మూడుసార్లు కడిగి, ఆ నీటిని మందు ట్యాంకులోనే పోసి, డబ్బాకు రంధ్రము చేసి వేరుగా నుంచవలెను.

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నియమములు గ్రామపంచాయతీలకు కూడ బాధ్యత నిచ్చినవి. పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణ అధికారులు కలిసి, పంట కోతల తరువాత ఒక దినము నిర్ణయించి, ఊరి పాత గొట్టములను ఒకచోట చేర్చి వ్యాపారిని పిలిపించినచో, చిన్న రైతు వద్దనున్న పది కిలోలకు కూడ ధర వచ్చును.

పల్లె యువకులకు పని

పరిశ్రమ పెరిగినపుడు కొనుటయే గాక పనిచేయుటయు మనవారికి దక్కవలెను. ప్లాస్టిక్ పనిలో శిక్షణకై కేంద్ర ప్రభుత్వము 1968లో మద్రాసులో సిపెట్ సంస్థను స్థాపించినది. హైదరాబాదు చర్లపల్లిలో దాని శాఖ కలదు. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి అచ్చుల తయారీలో, ప్లాస్టిక్ యంత్రముల పనిలో డిప్లొమా శిక్షణ లభించును. ఈ పరిశ్రమలో అధిక భాగము చిన్న కర్మాగారములే కనుక, పని నేర్చినవారికి ఉద్యోగముతో పాటు స్వంత పనికి కూడ అవకాశము కలదు.

రైతు సోదరులు ఈ సంగతిని మనసున నుంచుకొనవలెను. తరగతి అడిగి, గుర్తు పరీక్షించి, బిల్లు తీసికొని కొన్న ప్రతి పైపు మంచి తయారీదారునికి బలము, నాసి సరుకు అమ్మువానికి హెచ్చరిక. చౌకకు లొంగి కొన్న ప్రతి పైపు అందుకు విరుద్ధము. రైతులు ఎట్టి సరుకు అడిగెదరో అట్టి సరుకే దుకాణములకు వచ్చును. వచ్చు వేసవిలో బోరునకు, తోటకు పైపులు కొనదలచినవారు ఇప్పటి నుండియే ఎత్తు, దూరము కొలిచి, కావలసిన తరగతిని వ్రాసికొని, ఇరుగు పొరుగు రైతులతో కలిసి కొనుటకు ఏర్పాటు చేసికొందురు గాక.